నీళ్లకు సున్నా, నడుములకు లెక్కేది?

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీకి దిగారు. బ్యాలెట్‌ను పుస్తకంలా అచ్చేయాల్సి వచ్చింది, పోలింగే వాయిదా పడింది. గెలుస్తామని కాదు, తాగు, సాగు నీళ్లు లేని తమ జిల్లా ఢిల్లీ కంట పడాలని దుశర్ల సత్యనారాయణ జలసాధన సమితి వేయించినవే వాటిలో ఎక్కువ నామినేషన్లు. కంట పడ్డాయి కూడా. ఆ ఏడే డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు పెంచారు!

ఆ జిల్లా నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వచ్చే, బొక్కలు వంచే ఫ్లోరోసిస్ ఎవరికీ తెలియని రోగమేమీ కాదు. దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. నల్లగొండ బాధ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో నీటిని శుద్ధిచేసే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు 'నల్లగొండ టెక్నిక్'. ఊరి పేరు ప్రపంచంలోని పాఠ్యపుస్తకాలకెక్కింది. ఊళ్లో వాళ్ల పేర్లే ఏ రిజిస్టరులోనూ సరిగా ఎక్కలేదు.

మిషన్ భగీరథ తాగునీటి పథకంతో కృష్ణా నీళ్లొచ్చాయి. తెలంగాణలో ఫ్లోరైడ్ ఆవాసాలు సున్నా అని 2020లో కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. చిన్న విషయం కాదది. కానీ ఆ సున్నా నల్లాది, మనిషిది కాదు. మంచినీళ్లు రాగానే వంగిన బొక్కలు తిన్నగా కావు. ఈ రోగానికి తన ఒంటినే సాక్ష్యంగా చూపుతూ బతికిన శివన్నగూడెం అంశల స్వామి కన్నుమూసింది ఆ సున్నా వచ్చాక, 2023 జనవరిలో.

మరి మనుషుల లెక్క ఎక్కడుంది? వైకల్య శాతం తేల్చే క్యాంపులో ఉందనుకుంటాం. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, ఫ్లోరోసిస్ లేదు. ఫ్లోరైడ్ కాళ్లూ, బండి ప్రమాదంలో విరిగిన కాళ్లూ ఒకే పద్దు కిందికి పోతాయి. 40 శాతం దాటితేనే పింఛన్. నాటుకు వంగలేని కూలి మనిషికి 35 వచ్చిందనుకోండి, ఆమెకు పింఛనూ లేదు, లెక్కలో చోటూ లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్లు ఎత్తు, బరువు, రక్తం చూస్తారు గానీ ఫ్లోరైడ్‌తో వచ్చే పళ్ల గార గురించి అడగరు. పైగా 2015-16 సర్వేలో నల్లగొండ ఒకే జిల్లా, 2019-21కి మూడు ముక్కలు. నిన్నటి అంకెను నేటి అంకె పక్కన పెట్టడమెలా?

పాలమూరుది ఇంకో చిక్కు. పంట ఎత్తేసి పుణె, ముంబై పనులకు పోయిన తండాల్లో సర్వేకు వెళ్తే కనిపించేది తాళం. అలా లెక్క తప్పేది పేదలే. పేదకే ముందు దెబ్బ తగులుతుందని జాతీయ పోషకాహార సంస్థ 1970ల్లో మోకాళ్లు లోపలికి వంగిన నల్లగొండ పిల్లలను చూసినప్పుడే తేలింది. ఫ్లోరైడ్‌కు కాల్షియం కొరత తోడైతే కాళ్లు వంకర పోతాయి. పాలు తాగే ఇల్లూ, గంజి తాగే ఇల్లూ ఒకే బోరు నీళ్లు తాగినా ఒకేలా ఉండవు. 'ఆవాసం' అన్న ఒక్క గడిలో రెండిళ్లూ కలిసిపోతాయి.

నిజానికి పరీక్షకు యంత్రమే అక్కర్లేదు. రూపాయి బిళ్ల నేల మీద వేసి మోకాళ్లు వంచకుండా తీయమనాలి. గడ్డం రొమ్ముకు ఆనించమనాలి. చేతులు చాపి తల వెనక పట్టుకోమనాలి. ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమంలో ఉన్న పరీక్షలే ఇవి. ఆశ కార్యకర్త ఇంటింటికీ ఎలాగూ తిరుగుతుంది. ఆమె పుస్తకంలో మూడు గడులు, పక్కన చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగారో రాసేందుకు ఇంకొకటి గీస్తే చాలు.