పెద్ద బండియా? చిన్న బండియా?

నార్సింగిలో నేడు ఏ మేడ క్రింద జూచినను పెద్ద కార్లే. ఎస్.యు.వి. యను నెత్తైన బండి లేనిచో కుటుంబగౌరవమునకే లోపమను భావము ప్రబలుచున్నది. మా యింట నున్నది 2009లో కొన్న మారుతీ 800. దాని నమ్మి ఫార్చ్యూనరు కొందమని మావారు తలపెట్టగా, ముందు రెంటిని పోల్చి చూచితిమి. ఆ విచారణ మీకును ఉపకరించునని యిట వ్రాయుచున్నాము.

మొదట కొలతలు. మారుతీ పొడవు 3,335, వెడల్పు 1,440 మిల్లీమీటర్లు. బరువు సుమారు 650 కిలోలు. ఫార్చ్యూనరు పొడవు 4,795, వెడల్పు 1,855. బరువు రెండు టన్నుల పైమాట. వెడల్పున భేదము మూరెడుకు కొంచెము తక్కువ. పాత యూరి సందులలో కూరగాయలకై పోవునపుడు ఎదుటివారికి దారి దొరకుటయు, దొరకకుండుటయు ఆ మూరెడు మీదనే యున్నది.

పెద్ద బండి గుణములను దాచరాదు. ఏడుగురు కూర్చుండవచ్చును, గతుకులకు, వాననీటికి జంకదు, ఎయిర్‌బ్యాగులున్నవి. మా మారుతీలో నొక్కటియు లేదు. మా యూరి ప్రక్కనే 158 కిలోమీటర్ల అవుటరు రింగురోడ్డు. దానిపై గంటకు 120 కిలోమీటర్ల వఱకు పోవచ్చును. అట్టి వేగముల నడుమ పాతబండిలో పిల్లలతో పోవుట సాహసమే. ఇందు మావారి మాటయే నెగ్గినది.

పిమ్మట నొక పరీక్ష చేసితిమి. పొరుగింటి పెద్ద బండిలో, ఇంజను ఆపియుండగా, నడుపువారి చోట కూర్చుంటిమి. అయిదేండ్ల మనుమరాలిని బానెట్టు ముందు నిలిపిరి. పిల్ల తలయైనను కానరాలేదు! మా చిన్నబండి నుండి చూడగా జడరిబ్బను స్పష్టముగా కనబడెను. గుండె ఝల్లుమన్నది. వెనుక నమర్చిన కెమెరా ముందున్న బిడ్డను చూపదు గదా! పైగా, ఒకే వేగమున మూడింతల బరువు మూడింతల శక్తితో తాకును. లోనివారికి రక్షయైన బరువే బయటివారికి ముప్పు.

ఇక వ్యయము. పదునైదేండ్లు నిండిన కారు రిజిస్ట్రేషనును అయిదేండ్ల కొకసారి పునరుద్ధరింపవలెను. క్రొత్తవానిలో, 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై జి.ఎస్.టి. నూటికి 18, పెద్దవానిపై 40.

తుదకు రెంటిని కాదని క్రొత్త చిన్నకారును కొన నిశ్చయించితిమి. ఏ.బి.ఎస్. 2019 నుండి, ముందు రెండు సీట్లకు ఎయిర్‌బ్యాగులు 2022 నుండి క్రొత్త కార్లకు విధిగా నున్నవి. అందఱము తీర్థయాత్రకు పోవలసినపుడు పెద్ద బండి అద్దెకు దొరకును. పెద్ద కుటుంబమై, తఱచు దూరప్రయాణములు చేయువారికి పెద్ద బండియే తగును. దానిని మేము కాదనము.

ఏ బండి యైనను, కదలించుటకు ముందొకసారి చుట్టును తిరిగి చూడుడు. వెనుక కూర్చున్నవారికిని సీటుబెల్టు పెట్టింపుడు. ఇంటి గౌరవము బండి యెత్తులో లేదు; బయలుదేరిన వారందఱు క్షేమముగా గడప త్రొక్కుటలో నున్నది.