జింక కాలు దిగబడే చోట

కరెంటు కోసం నింపిన లోక్‌తక్ సరస్సులో సంగైకి కాలూనే చోటు కరవవుతోంది

సంగై తిరిగే నేల నిజానికి నేల కాదు. గడ్డి, వేర్లు, మట్టి పెనవేసుకుని నీటిమీద తేలే తెప్ప. మణిపూర్‌లో దీన్ని ఫుమ్డి అంటారు. మందంలో ఐదో వంతే పైకి కనిపిస్తుంది, మిగతాది నీటి అడుగున. ఈ జింకలు అడవి జంతువులుగా మిగిలింది ప్రపంచం మొత్తంలో ఇక్కడే.

ఇంఫాల్‌కు దక్షిణంగా 45 కి.మీ. దూరంలో, లోక్‌తక్ ఒడ్డున ఉన్న చిన్న పట్టణం మొయిరాంగ్. 1944 ఏప్రిల్ 14న ఆజాద్ హింద్ ఫౌజ్ జెండా ఎగరేసింది ఈ ఊళ్లోనే. ఆ తర్వాత దేశానికి ఈ ప్రాంతం మళ్లీ గుర్తొచ్చింది కరెంటు అవసరమైనప్పుడే.

105 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కోసం మణిపూర్ నదిపై కట్టిన ఇథాయ్ బరాజ్ 1983లో పనిచేయడం మొదలెట్టింది. అప్పట్నుంచీ సరస్సు ఏడాది పొడవునా నిండుగానే ఉంటోంది. చిక్కంతా అక్కడే. మునుపు వానలు లేని నెలల్లో నీరు తగ్గేది. ఫుమ్డిలు అడుగుకు దిగేవి, వేర్లు బురదలోంచి సత్తువ పీల్చుకునేవి, వానలు రాగానే మళ్లీ పైకి లేచేవి. ఇప్పుడు దిగే వీల్లేదు. సంగైల నెలవైన కీబుల్ లామ్‌జావోలో తెప్పలు పలచబడుతున్నాయి. పలచబడ్డ చోట జింక బరువుకు ఆగవు.

సంగై అంతరించిందని 1951లోనే తేల్చేశారు. రెండేళ్లకు ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఇ.పి. జీ దాన్ని మళ్లీ కనుగొన్నారు. 1975 గణనలో లెక్కకొచ్చినవి 14. 1977లో 40 చ.కి.మీ. మేర నేషనల్ పార్క్ ప్రకటించారు. 2016 నాటికి సంఖ్య 260కి చేరింది. ఘనతే, కాదనలేం. కాకపోతే అన్నీ ఆ ఒక్క చిత్తడినే నమ్ముకుని ఉన్నాయి.

మనుషుల సంగతీ అంతే. బర్మాలోని చింద్విన్ నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేపలకు బరాజ్ అడ్డుపడింది. ముంపులో పొలాలు పోయిన రైతులు వలలు పట్టారు. ఫుమ్డిలపైనే గుడిసెలు వేసుకున్న జాలర్లను 2006 నాటి సరస్సు రక్షణ చట్టం ఆక్రమణదారులను చేసింది. 2011 నవంబరులో అధికారులు వందలాది గుడిసెలు తగలబెట్టించారు. బరాజ్ జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు.

2023 మే నెలలో హింస చెలరేగాక చురాచాంద్‌పూర్ సరిహద్దులోని మొయిరాంగ్‌కు నిర్వాసితుల సహాయ శిబిరాలు వచ్చాయి. 2024 సెప్టెంబరులో రాకెట్ వచ్చి పడింది, ఒక వృద్ధుడు మరణించారు. పొడి నెలల్లోనైనా ఇథాయ్ గేట్లెత్తి ఫుమ్డిలను అడుగుకు దిగనివ్వాలన్న పాత డిమాండ్ ఈ గొడవలో ఎవరి చెవికీ ఎక్కడం లేదు.