చాలు తప్పిన నాగలి

ఎలమంచిలి ప్రాంతపు పల్లెలలో వృద్ధులెవరైనా జారిపడి తుంటియెముక విరిగితే, శస్త్రచికిత్సకై వారిని సుమారు 60 కిలోమీటర్ల దూరానగల విశాఖపట్టణానికి తీసికొనిపోవటం పరిపాటి. అక్కడ 1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రి శతాబ్దికి పైగా ఉత్తరాంధ్రకు పెద్దదిక్కుగా నిలిచి ఉన్నది. శస్త్రచికిత్స సవ్యంగా ముగుస్తుంది. ఇంటివారు ఊపిరి పీల్చుకొంటారు. కాని రెండవనాటి రాత్రి, అంతవరకు నెమ్మదిగా ఉన్న ముసలమ్మ కన్నకొడుకునే "నీవెవరవు?" అని అడుగుతుంది; గోడమీద పాములున్నవంటుంది; చేతికున్న సెలైను గొట్టం పెరికివేయబోతుంది. గాలి సోకినదని కొందరు, మతి పోయినదని కొందరు అనుకొంటారు.

ఇది గాలీ కాదు, పిచ్చీ కాదు. మన పెద్దలు 'సంధి' అన్న పేరుతో ఎరిగిన అవస్థయే ఇది. వైద్యులు దీనిని డెలీరియం అంటారు. ఆ మాట పుట్టుక మన రైతులకు ఇట్టే బోధపడుతుంది. లాటిను భాషలో 'లీరా' అనగా నాగటిచాలు; చాలునుండి తొలగిపోవటమే డెలీరియం. ఎద్దులు మంచివే, నాగలి మంచిదే. నడుమ ఏదో బెదరగొట్టినది. ఆ బెదరగొట్టినదేదో కనుగొనటమే చికిత్సకు మొదటి మెట్టు.

ముసలితనపు మతిమరపు ఏండ్ల తరబడి మెల్లగా కమ్ముకొనివస్తుంది. సంధి అట్లాకాక కొద్ది గంటలలోనో, ఒకటి రెండు దినాలలోనో వచ్చిపడుతుంది. ఉదయం తెలివిగా మాట్లాడినవారు సాయంకాలానికి తబ్బిబ్బు పడతారు. సంధి అనగానే కేకలు, పెనుగులాట మనకు స్ఫురిస్తవి. కాని మౌనంగా వచ్చే సంధి కూడ కలదు. రోగి పలుకక, ఉలుకక, మగతగా పడి ఉంటాడు. చూచినవారు 'హాయిగా నిద్రపోతున్నాడు' అనుకొంటారు. అందుచేత అది తరచు ఎవరి కంటనూ పడదు.

కారణం ఒక్కటి కాదు. వయస్సు, పూర్వమే ఉన్న మతిమరపు, చూపు మందగించటం, చెవుడు - ఇవి నేలను సిద్ధం చేస్తవి. నీరు చాలకపోవటం, నొప్పి, చీము పట్టటం, మూత్రం బిగియటం, మలబద్ధం, నిద్ర లేమి, కొన్ని మందులు విత్తనాలౌతవి. నిద్రకని ఇచ్చే మాత్రలే ఒక్కొక్కప్పుడు వృద్ధులలో సంధికి దారితీస్తవి. దీర్ఘకాలం మద్యం త్రాగినవారు హఠాత్తుగా మానినప్పుడు వచ్చే సంధి ప్రాణాపాయకరమైనది. కనుక లజ్జచేత ఆ అలవాటును వైద్యునివద్ద దాచరాదు.

ఇది దానంతట అదే పోయే చిన్న ముచ్చట కూడ కాదు. సంధి వచ్చినవారు ఆసుపత్రిలో ఎక్కువ దినాలు ఉండవలసి వస్తుంది. వారియందు మరణభయం అధికం. కొందరికి వెనుకటి జ్ఞాపకశక్తి పూర్తిగా తిరిగిరాదు.

అయితే దీనిని చాలవరకు నివారించవచ్చును. అమెరికాలో షారన్ ఇనోయే అనే వైద్యురాలు, ఆమె సహచరులు 70 ఏండ్లు దాటిన 852 మంది రోగులను పరిశీలించి 1999లో ఫలితాలు ప్రకటించినారు. వీరు శస్త్రచికిత్సకు గాక ఇతర వ్యాధులకు చేరినవారు. మామూలు సంరక్షణలో నూటికి 15 మందికి సంధి రాగా, ప్రత్యేక శ్రద్ధ పొందినవారిలో నూటికి సుమారు 10 మందికే వచ్చినది. ఆ శ్రద్ధలో వింత యంత్రమేదీ లేదు. తేదీని, చోటును గుర్తుచేయటం, కళ్లద్దాలు అందించటం, నీరు త్రాగించటం, త్వరగా లేపి నడిపించటం, రాత్రి వెచ్చని పానీయమిచ్చి వీపు నిమిరి నిద్రపుచ్చటం - ఇంతే! ఒకసారి సంధి వచ్చిన పిమ్మట మాత్రం దాని తీవ్రతను ఈ ఉపాయాలు అంతగా తగ్గించలేకపోయినవి. ముందుచూపు విలువ ఇందువల్లనే తెలుస్తున్నది. తుంటియెముక విరిగినవారి విషయమై మార్కంటోనియో బృందం 2001లో ప్రకటించిన పరిశీలనలో, వృద్ధవైద్య నిపుణుడు దినదినమూ చూచి సలహా ఇచ్చినవారిలో నూటికి 32 మందికి, తక్కినవారిలో 50 మందికి సంధి వచ్చినది.

అమెరికాలో ఈ పనికై స్వచ్ఛంద సేవకులకు శిక్షణ ఇచ్చినారు. మన రోగి మంచం ప్రక్కన కొడుకో, కోడలో, మనుమరాలో ముందే కూర్చుని ఉంటుంది. వారికి ఏమి చేయవలెనో చెప్పటమే కొరత. ఇంటినుండి కళ్లద్దాలు, చెవియంత్రం, కట్టుడుపళ్లు తప్పక తీసికొని పోవలె. వాడే మందులన్నిటి చీటీ వైద్యునికి చూపవలె. పగలు కిటికీ తెరచి వెలుతురు రానిచ్చి, రాత్రి దీపం తగ్గించవలె. వైద్యులు అనుమతించినంతలో నీరు త్రాగించి, లేపి కూర్చుండబెట్టి, నాలుగడుగులు వేయించవలె. నొప్పి ఉంటే దాచక చెప్పవలె. చేతులు మంచానికి కట్టివేస్తే భయం పెరిగి అలజడి హెచ్చుతుంది. మాట తడబడిన తక్షణమే, అర్ధరాత్రియైనా, నర్సుకు తెలుపవలె.

విద్యార్థులు చేయదగినదీ ఉన్నది. తాతగారి ప్రక్కన కూర్చుని ఆనాటి పత్రిక చదివి వినిపించటం, "తాతా, ఈవేళ ఆదివారం, మనం విశాఖలో ఉన్నాం, నీ కాలు బాగుపడుతున్నది" అని ఇంటి యాసలోనే పలుమారులు చెప్పటం చిన్నపనులుగా తోచవచ్చును. కాని బెదరిన ఎద్దుకు ఎరిగిన గొంతు వినిపించటమే కదా చాలు తప్పకుండ కాపాడేది!