ఎంత తీయాలి, ఎంత ఉంచాలి?

కిడ్నీలో గడ్డ అనగానే ఆపరేషన్ ఖాయమనుకుంటాం. సంతకం పెట్టేముందు అడగాల్సినవి చాలా ఉన్నాయి.

కడుపునొప్పికని బాపట్లలోనో చీరాలలోనో స్కానింగ్ తీయిస్తారు. నొప్పికి కారణం పిత్తాశయంలో రాయని తేలుతుంది. రిపోర్టు కింది వరుసల్లో మాత్రం ఇంకో మాట ఉంటుంది: కుడి కిడ్నీలో గడ్డ. కిడ్నీ గడ్డలు ఈ రోజుల్లో ఎక్కువగా బయటపడేది ఇలాగే, వేరే దేనికోసమో వెతుకుతుంటే. మూత్రంలో రక్తం, నడుము పక్కన నొప్పి, చేతికి తగిలే గడ్డ, ఈ మూడూ కలిసి వచ్చే రోగులు ఇప్పుడు అరుదు.

ఆ సాయంత్రానికే ఇంట్లో తీర్పు అయిపోతుంది. ‘‘ఒకటి పోయినా ఇంకోటుంటది గదా మామా, తీయించేస్తే పీడా వదిలిపోద్ది’’ అంటాడు మేనల్లుడు. ‘‘కత్తి తగిలితే పాకుద్దిరా’’ అంటుంది అత్త. గడ్డ ఎన్ని సెంటీమీటర్లుందో ఇద్దరూ చూసి ఉండరు.

అసలు చూడాల్సింది అదే. యాభై దాటినవాళ్లలో చాలామందికి కిడ్నీ మీద మామూలు నీటితిత్తులుంటాయి. వాటి జోలికి పోనక్కర్లేదు. గట్టి గడ్డే అయినా నాలుగు సెంటీమీటర్ల లోపుంటే, అలాంటి అయిదింటిలో సుమారు ఒకటి క్యాన్సరే కాదు. అలా క్యాన్సర్ కానివాటిలో కొవ్వు ఎక్కువగా ఉండే ఒక రకాన్ని సీటీలోనే గుర్తుపట్టవచ్చు. అనుమానం తీరకపోతే సూదితో ముక్క తీసి పరీక్షిస్తారు. సూది వల్ల క్యాన్సర్ పాకడం అత్యంత అరుదు. అయితే కొన్నిసార్లు ఆ ముక్కతో ఏదీ తేలదన్నది కూడా రోగికి ముందే చెప్పాలి.

చిన్న గడ్డలు సగటున ఏడాదికి మూడు మిల్లీమీటర్లే పెరుగుతాయి. వయసు మీరి, గుండె బలహీనంగా ఉన్న మనిషికి మత్తు ఇచ్చి కోయడం కన్నా, వరస స్కానింగులతో కనిపెట్టుకుని ఉండడమే మేలు కావచ్చు. దీన్ని వైద్యం ఎగ్గొట్టడం అనుకుంటారు గానీ, ఇందులో క్రమశిక్షణ ఎక్కువ కావాలి. ఇచ్చిన తేదీకి వెళ్లలేని కూలీకి ఇది పనికొస్తుందా అన్నది డాక్టరూ రోగీ కలిసి తేల్చుకోవాల్సిన మాట. కొన్ని చిన్న గడ్డల్ని సూది ద్వారా వేడితోనో అతిచల్లదనంతోనో నాశనం చేసే పద్ధతి కూడా ఉంది.

ఇక కోతే నిర్ణయమైతే, ఎంత? ఒక కిడ్నీతో మనిషి బతుకుతాడని 1869లో హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ ఆపరేషన్ చేసి చూపించాడు. కిడ్నీ క్యాన్సర్‌కు కిడ్నీ మొత్తాన్ని, చుట్టూ ఉన్న కొవ్వుతో సహా తీయడమే సరైన దారని 1960లలో కెనడా సర్జన్ రాబ్సన్ స్థిరపరిచాడు. ఆ తర్వాత చిన్న గడ్డలకు గడ్డవరకే కోసి మిగతా కిడ్నీని కాపాడే పద్ధతి బలపడింది. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు, కిడ్నీ పనితీరు తగ్గిందని చెప్పే క్రియాటినిన్ రక్తంలో అప్పటికే పెరిగినవాళ్లకు మిగిలే ఆ కిడ్నీ భాగం ఎంతో విలువైనది. ఇక్కడ షుగరు, బీపీ లేని ఇల్లు ఎక్కడుంది గనుక! అలాగని కొంచెం తీయడమే ఎప్పుడూ గొప్పా అంటే, కాదు. అందులో రక్తస్రావం, మూత్రం కారడం వంటి ఇబ్బందులు ఎక్కువ. అయిదు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉండి, రెండో కిడ్నీ బాగున్న 541 మందిపై యూరప్ ఆధ్వర్యంలో జరిగిన పరిశీలన ఫలితాలు 2011లో వచ్చాయి. గడ్డవరకే తీయించుకున్నవాళ్లు ఎక్కువకాలం బతుకుతారని అందులో రుజువు కాలేదు. వాళ్ల కిడ్నీ పనితీరు మాత్రం మెరుగ్గా నిలిచింది. ఈ రెండు మాటలూ కలిపి చెప్పినప్పుడే రోగికి ఎంచుకోవడానికి ఏదైనా ఉంటుంది.

వేలిముద్రల ఊరు

బాపట్ల, చీరాల మధ్యనున్న స్టూవర్టుపురంలో సంతకం మాట ఎత్తితే పాత సంగతి చెప్పక తప్పదు. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద, 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఆధ్వర్యంలో, సర్కారు నేరస్థులని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడ్డ సెటిల్‌మెంటు ఇది. నేరస్థ తెగల చట్టం 1911లో మారాక, రిజిస్టరులోకెక్కిన మనిషి దగ్గర ఎప్పుడంటే అప్పుడు వేలిముద్ర తీసుకునే అధికారం సర్కారుకు వచ్చింది. ఇష్టమా కాదా అని అడిగిన పాపాన పోలేదు. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయింది. సినిమావాళ్లకు ఈ ఊళ్లో కనిపించేది దొంగల కథే. నాకైతే, అడక్కుండా తీసుకున్న ఆ వేలిముద్రలే ముందు గుర్తొస్తాయి. ఆ రిజిస్టర్లలో పేర్లున్నవాళ్ల మనవలకు, మునిమనవలకు ‘‘ఇక్కడ సంతకం పెట్టండి’’ అని ఆస్పత్రి కాగితం చాపితే సరిపోదు. అందులో ఏముందో తెలుగులో, తీరిగ్గా చెప్పాలి.

చట్టం కూడా అదే అంటోంది. ఢిల్లీలో ఒక మహిళ పరీక్ష కోసం మత్తులో ఉండగా, తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు, ప్రాణాపాయం లేనప్పుడు వయసొచ్చిన మనిషి బదులు తల్లి ఒప్పుకోవడం చెల్లదంది. చికిత్స ఏమిటో, వేరే దారులేమున్నాయో, ముప్పులేమిటో, వద్దంటే ఏమవుతుందో రోగికి తెలియాలంది. మన ఇళ్లలో కొడుకు సంతకం పెట్టి, ‘‘నాన్నకు చెప్పకండి సార్’’ అనడం ఎంత మామూలో తెలిసిందే. ప్రేమతోనే చేస్తాడు. కానీ కిడ్నీ నాన్నది.

అడగకుండా ఒప్పుకోవడం ఎక్కడికి తీసుకెళ్తుందో ఆంధ్ర ఆడవాళ్లకు తెలుసు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3 శాతం పైచిలుకు, మన రాష్ట్రంలో దాదాపు 9 శాతం. ఎన్టీఆర్ వైద్యసేవ వంటి పథకం పేదలకు పెద్ద అండే. అయినా ‘‘ఉచితంగా అయిపోద్ది, ఇప్పుడే చేయించుకో’’ అన్న తొందర కూడా దానితోపాటే వస్తుంది. చిన్న గడ్డకు కొన్ని వారాలు ఆగి గుంటూరు జీజీహెచ్‌లోనో మంగళగిరి ఎయిమ్స్‌లోనో ఇంకో యూరాలజిస్టుకు చూపించుకుంటే సాధారణంగా మునిగిపోయేదేమీ ఉండదు. పెద్ద గడ్డ, రక్తం పడుతున్న గడ్డ అయితే అంత తీరిక లేదు.

డాక్టరు దగ్గర అడగాల్సినవి మరీ కష్టమైనవేం కాదు. గడ్డ ఎంత, ఎక్కడుంది, గడ్డవరకే తీయడం కుదురుతుందా, కుదరకపోతే ఎందుకు? నా క్రియాటినిన్ ఎంత, ఆపరేషన్ తర్వాత ఎంత కావచ్చు? ఇలాంటివి మీరు ఎన్ని చేశారు? ఈ చివరి ప్రశ్నకు చిన్నబుచ్చుకునే డాక్టరు కన్నా, ‘‘నేను తక్కువే చేశాను, ఫలానా చోటికి వెళ్లండి’’ అనే డాక్టరు మీద నాకు గురి ఎక్కువ.

ఆపరేషన్ అయ్యాక తీసిన గడ్డ పరీక్ష రిపోర్టు అడిగి తీసుకోవాలి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం కోరిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. పాత సీటీ ఫిల్ములు, సీడీ కూడా అదే సంచిలో ఉండాలి. తర్వాతి స్కానింగులో కొత్త మచ్చ కనిపిస్తే, అది ఇప్పుడు వచ్చిందో మొదటి నుంచీ ఉన్నదో రేడియాలజిస్టు తేల్చేది వాటితో పోల్చి చూసే.