హెండర్సన్ ఇళ్లలో మెష్ వైఫై: అపోహలు – వాస్తవాలు

ఆక్లాండ్‌కి పడమటి దిక్కునున్న హెండర్సన్‌లో ఇంటర్నెట్‌కి కొదవ లేదు. న్యూజిలాండ్ అల్ట్రా ఫాస్ట్ బ్రాడ్‌బ్యాండ్ పథకం 2022 చివర్లో పూర్తయ్యేసరికి దేశంలో 87 శాతం మందికి ఫైబర్ అందుబాటులోకి వచ్చింది. అయినా పెరట్లో విడిగా ఉండే గదిలో, అంటే స్లీపౌట్‌లో, దిగిన అమ్మానాన్నలు విజయవాడకి వీడియో కాల్ చేస్తే బొమ్మ మధ్యలో ఆగిపోతుంది. చిక్కంతా గరాజ్‌లోని ఫైబర్ పెట్టెకీ ఆ గదికీ నడుమనున్న కొద్ది మీటర్లలోనే ఉంటుంది. ఆ దూరం దాటించడానికి ఇంట్లో అక్కడక్కడ పెట్టే చిన్న వైఫై పెట్టెలే మెష్ నోడ్లు. వాటి గురించి వినిపించే అపోహలివి.

"సిగ్నల్ రాని చోటే నోడ్ పెట్టాలి."

తరచుగా వినిపించేదీ, ఎక్కువగా చెడగొట్టేదీ ఇదే. వైర్‌లెస్ మెష్‌లో నోడ్ తనకు అందినదాన్నే ముందుకు పంపుతుంది. దానికే సరిగ్గా అందని మూలలో పెడితే ఫోన్‌లో బార్లు నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. ఆ బార్లు చూపేది ఫోన్‌కీ నోడ్‌కీ మధ్య సంగతే. నోడ్‌ని దారి మధ్యలో, సిగ్నల్ ఇంకా బలంగా ఉన్నచోట పెట్టాలి. స్లీపౌట్ కోసమైతే ఆ చోటు చాలాసార్లు పెరటివైపు కిటికీ పక్కనే దొరుకుతుంది. స్లీపౌట్ గోడలు ఉక్కు రేకు ప్యానెళ్లైతే ఇదీ చాలదు. పైపులో కేబుల్ లాగి, నోడ్‌ని లోపలే పెట్టడం మేలు.

"చెక్క ఇల్లు కదా, అడ్డేముంది?"

మన ఊళ్ల ఇటుక గోడలతో, శ్లాబులతో పోలిస్తే ఇక్కడి వెదర్‌బోర్డు (చెక్క పలకలు), జిబ్ (ప్లాస్టర్) బోర్డు గోడలు సిగ్నల్‌ని బాగానే పోనిస్తాయి. అడ్డుపడేవి లోహం, నీళ్లు. అల్మారాలో నిలబెట్టిన వేణ్ణీళ్ల సిలిండర్‌లో ఈ రెండూ ఉన్నాయి. దాని వెనక గదికి సిగ్నల్ బాగా తగ్గుతుంది. వాలు నేల మీది పాత ఇళ్లలో నేలచెక్కల కింద ఇన్సులేషన్ ఫాయిల్ ఉంటే, పై సిగ్నల్ కింది గదికి సరిగా దిగదు. దాన్ని మీరే పీకబోకండి. కరెంటు షాక్ ప్రమాదం వల్లే, ఇప్పటికే కట్టి ఉన్న ఇళ్లలో అలాంటి ఫాయిల్ వేయడాన్ని 2016లో నిషేధించారు.

"నోడ్లు ఎక్కువైతే స్పీడు ఎక్కువ."

ఒకే రేడియోతో అందుకుని, దానితోనే తిరిగి పంపే నోడ్ దగ్గర స్పీడు దాదాపు సగానికి పడుతుంది. ఆ తర్వాతి నోడ్‌కి అందులోనూ కోతే. పైగా 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డురాని చానెళ్లు మూడే: 1, 6, 11. గోడకి గోడ ఆనుకున్న టౌన్‌హౌసుల్లో వాటిని పక్కిళ్లు కూడా పంచుకుంటాయి. చిన్న ఇంటికి నాలుగు నోడ్లు అమ్మేవాళ్ల మాట వినకండి.

"ఖరీదైన పెట్టె కొంటే దూరం పోతుంది."

ఎంత గట్టి రూటరైనా ఫోన్ పంపే బలహీనమైన సిగ్నల్ తిరిగి దానికి చేరాలి కదా! 2000ల దశకంలో పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' ప్రాజెక్టు కింద పల్లెలను వైఫైతోనే కలిపింది. అక్కడ కిలోమీటర్ల దూరం దాటించింది పెట్టె ఖరీదు కాదు; టవర్ల ఎత్తు, ఒకే దిక్కుకి గురిపెట్టిన యాంటెన్నాలు. ఇంట్లోనూ అంతే: టీవీ వెనక నేల మీదున్న నోడ్‌ని ఎత్తైన అరలోకి మార్చి, ఆ తర్వాత కొత్తది కొనే మాట ఆలోచించండి.

"ఒక్క స్పీడ్ టెస్ట్ చాలు."

చాలదు. ముందు ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో ప్రధాన రూటర్‌కి తగిలించి కొలవండి. తర్వాత వైఫై మీద ఒక్కో నోడ్ పక్కన, చివరగా గదిలో. నోడ్ పక్కనే స్పీడు పడిపోతే లోపం రూటర్‌కీ నోడ్‌కీ మధ్య ఉన్నట్టు. గదిలో మాత్రమే పడిపోతే నోడ్‌కీ గదికీ మధ్య. సిగ్నల్ బలం చూపే యాప్‌లో వీడియో కాల్స్‌కి మైనస్ 67 డీబీఎం కంటే తగ్గకుండా చూసుకోవాలి; మైనస్ 75 అంటే బలహీనమే. పక్కిళ్లవాళ్లంతా ఆన్‌లైన్‌లో ఉండే రాత్రి ఎనిమిదింటికి మళ్లీ కొలవండి. వీడియో కాల్ పెట్టుకుని ఇల్లంతా నడిచి చూడండి. ఏ నోడ్‌ని పట్టుకోవాలో తేల్చుకునేది ఫోనే గనక, కొన్ని ఫోన్లు దూరమైన నోడ్‌ని ఓ పట్టాన వదలవు.

గోడకి స్క్రూలు బిగించేది ఇదంతా అయ్యాకే. అప్పటిదాకా నోడ్‌ని స్టూలు మీదే ఉంచండి.

ఇక ఏ బ్రాండ్ నోడైనా మరో బ్రాండ్ దానితో కలుస్తుందనుకోకండి. వేర్వేరు బ్రాండ్లను కలిపే ఈజీమెష్ ప్రమాణం 2018లోనే వచ్చినా దాన్ని పాటించని పెట్టెలు చాలా ఉన్నాయి. పాత రూటర్ మిగిలిపోతే, కేబుల్ తగిలించి యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెడితే స్లీపౌట్‌కి అదే సరిపోవచ్చు.