వెలుగు తాకిన అణువు వెంట ఒక జీవితకాలం

కె.కోటపాడు చుట్టుపక్కల పల్లెల్లో బిడ్డ పుట్టి, మూడో రోజుకి ఒళ్లు పచ్చబడితే ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. డాక్టరు అనకాపల్లికో, విశాఖ కేజీహెచ్‌కో పంపిస్తారు. అక్కడ బిడ్డ కళ్లకు గంతలు కట్టి నీలి దీపాల కింద పడుకోబెడతారు. చాలామందికి సూదీ మందూ అక్కర్లేకుండానే నాలుగు రోజుల్లో పచ్చదనం దిగిపోతుంది. బిడ్డకు వెచ్చదనం కోసం దీపం పెట్టారని అనుకునేవాళ్లున్నారు. ఈ వైద్యంలో వేడికి పనే లేదు. పనంతా వెలుగుదే.

ఆ పచ్చదనానికి కారణం బిలిరుబిన్ అనే పదార్థం. దాని అణువు లోపలికి ముడుచుకుని ఉంటుంది, అందుకే నీళ్లలో కరగదు. పెద్దవాళ్ల కాలేయం దాన్ని కరిగే రూపంలోకి మార్చి బయటికి పంపేస్తుంది. పసిబిడ్డ కాలేయానికి ఆ శక్తి ఇంకా రాలేదు. నీలి కాంతి తగలగానే అణువులోని ఒక జంట బంధం మెలి తిరుగుతుంది, ముడుచుకున్నది విచ్చుకుంటుంది, కరిగి పైత్యరసంలోనూ మూత్రంలోనూ పోతుంది. ఎండ తగిలిన బిడ్డల్లో పచ్చదనం తగ్గుతోందని 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ జీన్ వార్డ్ గమనించారు. 1958లో అక్కడి వైద్యులు దీపం కట్టి ఫలితాలు ప్రకటించారు. అణువు లోపల జరుగుతున్నదేమిటో తేలడానికి మాత్రం రెండు దశాబ్దాలకు పైగా పట్టింది. దాన్ని తేల్చింది కర్బన కాంతి రసాయన శాస్త్రం. కర్బన పదార్థం మీద వెలుగు పడితే ఏమవుతుందన్నదే ఈ శాస్త్రంలోని ఏకైక ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకుని ఒక మనిషి ముప్పై నలభై ఏళ్లు ఏం చేస్తాడన్నది ఈ వ్యాసం.

మామూలు రసాయన చర్యకు వేడి కావాలి. చింతచెట్టును గడకర్రతో దులిపితే పండూ కాయా ఆకూ కలిసే రాలతాయి. వేడి చేసే పని అలాంటిది, పాత్రలో ఉన్న అన్ని అణువులనూ అన్ని వైపులా కదుపుతుంది. వెలుగు ఎంచుకుని కోస్తుంది. ఏ అణువు ఏ రంగును పీల్చుకోగలదో ఆ అణువుకే శక్తి అందుతుంది, పక్కన ఉన్న ద్రావకం చల్లగానే ఉంటుంది. 450 నానోమీటర్ల నీలి కాంతిలో మోల్‌కు సుమారు 64 కిలోకేలరీల శక్తి ఉంటుంది. రెండు కర్బన పరమాణువుల మధ్య జంట బంధంలో రెండో బంధాన్ని సడలించడానికి దాదాపు అంతే కావాలి. అందుకే ఈ శాస్త్రంలో మెలితిరిగే జంట బంధాల కథలు అన్నేసి.

శక్తి అందిన అణువు ఆ స్థితిలో ఎక్కువసేపు నిలవదు. సాధారణంగా కొన్ని నానోసెకన్లు, అంటే సెకనులో వంద కోట్లో వంతులు కొన్ని. ఆలోపు అది తిరిగి వెలుగు వదలొచ్చు, వేడిగా వదిలేయొచ్చు, మరికొంచెం ఎక్కువ కాలం బతికే ట్రిప్లెట్ అనే మరో స్థితిలోకి జారొచ్చు, లేదా చర్య జరిపి కొత్త పదార్థం కావొచ్చు. వంద ఫోటాన్లను, అంటే వెలుగు రేణువులను, పీల్చుకుంటే ఎన్ని అణువులు మారాయన్నదే ఈ రంగంలో అసలు లెక్క. దాన్ని క్వాంటం దిగుబడి అంటారు. మన కంటిలో ఉన్న రెటినల్ విషయంలో ఆ లెక్క వందకు 65 దాకా ఉంది, మార్పు జరిగేది నానోసెకను కన్నా ఎంతో తక్కువైన 200 ఫెమ్టోసెకన్లలో. ఇంత వేగాన్ని పట్టుకోవడానికి పరికరాలు కావాలి. రసాయన శాస్త్రవేత్తలు నారిష్, పోర్టర్ 1940ల చివర్లో మెరుపు దీపంతో మొదలుపెట్టిన ఫ్లాష్ ఫోటాలిసిస్ పద్ధతికి 1967లో నోబెల్ దక్కింది, లేజర్లతో ఫెమ్టోసెకన్ల దాకా వెళ్లిన జెవైల్‌కు 1999లో.

ఇంత వేగంగా ముగిసే విషయానికి పరిశోధకుడి రోజులు మాత్రం చాలా నెమ్మదిగా నడుస్తాయి. పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు తనకు కావలసిన పదార్థాన్ని తయారుచేసుకుని, శుద్ధి చేసుకోవడంతోనే సరిపోతుంది. పిసరంత మలినమున్నా వెలుగును అదే తాగేస్తుంది. సీసాలకు అల్యూమినియం కాగితం చుట్టాలి. ఆక్సిజన్ ట్రిప్లెట్‌ను చంపేస్తుంది కాబట్టి ద్రావణంలోకి నైట్రోజన్ పంపి దాన్ని తరిమేయాలి. అప్పుడుగానీ దీపం వెలిగించడం ఉండదు. ఓపిక లేనివాళ్లు ఇక్కడే రంగం మార్చుకుంటారు, అందులో తప్పేమీ లేదు.

పూర్వం దీపాలకు బదులు ఎండే ఉండేది. ఇటలీలోని బొలోనా విశ్వవిద్యాలయంలో జాకోమో చమీచన్ తన సీసాలను మేడ మీద ఎండలో పెట్టేవాడు. కార్వోన్ అనే పదార్థాన్ని ఏడాదిపాటు అలా ఉంచితే కొత్త పదార్థం వచ్చిందని 1908లో రాశాడు. దాని నిర్మాణాన్ని 1957లో బూషీ అనే రసాయన శాస్త్రవేత్త నిర్ధారించాడు. యాభై ఏళ్ల తర్వాత. 1912లో న్యూయార్క్ సభలో చమీచన్ బొగ్గుకు బదులు సూర్యరశ్మితో నడిచే పరిశ్రమల గురించి మాట్లాడాడు.

ఎండ విషయంలో మనవాళ్లూ వెనకబడలేదు. రసాయన శాస్త్రవేత్త జి.గోపాలరావు అలహాబాదులో నీలరతన్ ధర్ దగ్గర పరిశోధన చేశారు. నేలలో అమ్మోనియా నైట్రేట్‌గా మారడంలో సూర్యరశ్మికి పాత్ర ఉందని ఇద్దరూ కలిసి 1931లో సాయిల్ సైన్స్ పత్రికలో వాదించారు. ఆ పనిని ప్రధానంగా బ్యాక్టీరియా చేస్తాయన్నదే శాస్త్రం ఒప్పుకున్న మాట, కాబట్టి వాదన అంత పెద్దదిగా నిలవలేదు. నా దృష్టిలో గోపాలరావుగారి గట్టి పని ఆ తర్వాత వాల్తేరులో జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆయన, శిష్యులు వెలుగునే ఒక రసాయనంగా వాడారు. యురేనియం లవణంలో ఆల్కహాలు కలిపి వెలుగు చూపిస్తే యురేనియం ఆరో ఆక్సీకరణ స్థితి నుంచి నాలుగో స్థితికి దిగుతుంది, ఆల్కహాలు ఆక్సీకరణం చెందుతుంది. దిగిన యురేనియాన్ని మామూలు టైట్రేషన్‌తో కొలవొచ్చు. జింకు పొడి అవసరం లేకుండా దీపం ఒక్కటే ఆ పని చేసింది. 1950ల్లో ఈ పత్రాలు జర్మన్ విశ్లేషణ రసాయన పత్రికలో వచ్చాయి. కె.కోటపాడు నుంచి బస్సెక్కితే అందే దూరంలో జరిగిన సంగతి ఇది.

ఆ తరువాతి తరం కర్బన అణువుల మీద మరింత దృష్టి పెట్టింది. 1978 నుంచి బెంగళూరు ఐఐఎస్సీలో వి.రామమూర్తి, స్ఫటికాల్లోనూ అణువుల గుహల్లోనూ వెలుగు చర్యలు ఎలా దారి మారతాయో చూశారు. ఇరుకు చోట పెడితే అణువు కదలడానికి ఒకే దారి మిగులుతుంది, ఫలితం అదుపులోకి వస్తుంది. ఆయనతో పనిచేసిన వి.జయతీర్థరావు హైదరాబాదు ఐఐసీటీలో జంట బంధాలు మెలితిరిగే తీరును అధ్యయనం చేశారు. 1999లో వచ్చిన ఒక గ్రంథంలో, వెలుగు పీల్చిన అణువు మొదట చేరే సింగ్లెట్ స్థితి నుంచి జరిగే ఆ మార్పు గురించి అధ్యాయం రాశారు. తిరువనంతపురంలో ఎం.వి.జార్జ్ కట్టిన కాంతి రసాయన విభాగంలో దానబోయిన రామయ్య స్క్వారైన్ రంగులను తయారుచేశారు. ఇవి ఎర్ర కాంతిని పీల్చి, ఆక్సిజన్‌ను మహా చురుకైన రూపంలోకి మారుస్తాయి. ఆ ఆక్సిజన్ క్యాన్సర్ కణాలను చంపుతుంది. ఎర్ర కాంతి ఒంట్లోకి మరింత లోతుగా దిగుతుంది కాబట్టి ఈ రంగులకు విలువ.

అదే చురుకైన ఆక్సిజన్ మలేరియా మందు తయారీలోనూ పనికొచ్చింది. మన్యం జ్వరాల గురించి మన ప్రాంతంలో చెప్పనక్కర్లేదు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్‌ను ఈస్టు చేసిన ఆమ్లం నుంచి, వెలుగు సాయంతో, ఇటలీలో గరేసియో ఊళ్లోని సనోఫీ కంపెనీ కర్మాగారం 2013లో తయారుచేయడం మొదలుపెట్టింది. చమీచన్ కలగన్న పరిశ్రమ అదే దేశంలో, శతాబ్దం తర్వాత, అదీ మెర్క్యురీ దీపాలతో వచ్చింది. మొక్కల నుంచి తీసే మందు చవకబడేసరికి ఆ కర్మాగారం నిలదొక్కుకోలేకపోయింది, 2016లో అమ్మేశారు. వెలుగు చేయగలదని నిరూపించడం ఒకటి, చవకగా చేయించడం మరొకటి. ఈ రంగానికి దీపాల కరెంటు ఖర్చు ఇప్పటికీ భారమే. ఎల్‌ఈడీలు వచ్చాక కొంత తగ్గింది.

ఎంఎస్సీ కెమిస్ట్రీ చేస్తూ ఈ దారి చూస్తున్న పిల్లలకు ఒక మాట. నెట్-జేఆర్‌ఎఫ్ వచ్చాక గైడును వెతుక్కునేటప్పుడు పత్రాల సంఖ్య చూసి ఆగిపోకండి. ఆ ల్యాబ్‌లో లేజర్ ఫ్లాష్ ఫోటాలిసిస్ ఉందా, లేకపోతే ఎక్కడికి వెళ్లి కొలుస్తారు, సీనియర్లు చేసిన అణువులనే మీ చేతికిస్తారా లేక మీ ప్రశ్న మీదేనా అని అడగండి. మొదటి రెండేళ్లు ఫలితం రాదని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి.