వెయ్యి రూపాయల లోపు ఓబీడీ డాంగిల్: ఇంజిన్ లైట్ ఎందుకు వెలిగిందో ఇక ఫోన్‌లోనే చూడొచ్చు

ఏ హీరో ఏ కారు కొన్నాడు, ఏ రంగు తీసుకున్నాడు, ఫ్యాన్సీ నంబర్ కోసం వేలంలో ఎంత కట్టాడు... ఈ లెక్కలన్నీ మన ఫోన్లలో నిమిషాల్లో తిరిగేస్తాయి. అదే మన ఇంటి ముందున్న కారు డ్యాష్‌బోర్డ్ మీద పసుపు రంగు ఇంజిన్ లైట్ వెలిగితే మాత్రం, ఎందుకు వెలిగిందో మెకానిక్ చెప్తే తప్ప తెలీదు. ఆయన చెప్పిందే రోగం, ఆయన వేసిందే బిల్లు.

ఈ పరిస్థితిని కొంతవరకు మార్చే గ్యాడ్జెట్ ఒకటుంది. సైజు అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. పేరు ఓబీడీ-2 బ్లూటూత్ అడాప్టర్. నేను వాడుతున్నది వెయ్యి రూపాయల లోపుదే. ఏడాదిగా మా ఇంటి కారుకి, ఫ్రెండ్స్ కార్లకి, బంధువుల కార్లకి పెట్టి చూస్తున్నాను. ఇది ఏం చేస్తుంది, ఏం చేయదు, ఎవరు కొనాలి... వరుసగా చూద్దాం.

అసలు ఏంటిది?

ఓబీడీ అంటే ఆన్ బోర్డ్ డయాగ్నస్టిక్స్. కారులో ఇంజిన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్ ఉంటుంది, దాన్ని ఈసీయూ అంటారు. సెన్సర్లు పంపే రీడింగ్స్‌ని అది ఎప్పటికప్పుడు చూసుకుంటూ, తేడా వస్తే ఒక కోడ్ రాసిపెట్టుకుని లైట్ వెలిగిస్తుంది. పొగ కాలుష్యం మీద నిఘా కోసం అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ-2 తప్పనిసరి అయింది. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో మొదటి దశ, 2013 ఏప్రిల్‌లో రెండో దశ వచ్చాయి. కాబట్టి 2013 తర్వాత తయారైన పెట్రోల్, డీజిల్ కారు మీ దగ్గరుంటే ఈ పోర్ట్ దాదాపు ఖాయంగా ఉంటుంది. స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర తడిమి చూడండి. 16 పిన్నులతో, పైన వెడల్పుగా కింద సన్నగా ఉండే సాకెట్ అదే.

పని చేసే పద్ధతి మనలాంటి కోడింగ్ పిచ్చోళ్లకి భలే నచ్చుతుంది. యాప్ హెక్స్‌లో ఒక ప్రశ్న పంపుతుంది, ఈసీయూ హెక్స్‌లో జవాబిస్తుంది. ఉదాహరణకి "01 0సీ" అని పంపితే "ఇంజిన్ ఆర్‌పీఎం ఎంత?" అని అడిగినట్టు. జవాబు "41 0సీ 1ఏ ఎఫ్8" అని వచ్చిందనుకోండి. చివరి రెండు బైట్లు కలిపితే 6904. దాన్ని 4తో భాగిస్తే 1726 ఆర్‌పీఎం. అంతే, ఇందులో మ్యాజిక్ ఏమీ లేదు.

కొనేముందు ఇవి చూడండి

మార్కెట్లో దొరికే చవక డాంగిల్స్ అన్నిటి మీదా "ఈఎల్‌ఎమ్327" అని రాసి ఉంటుంది. అది కెనడాకి చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ చేసిన చిప్ పేరు. మనకి వచ్చేవి చాలావరకు దాని క్లోన్లు. క్లోన్ అనగానే పనికిరాదని కాదు. కోడ్లు చదవడానికి, లైవ్ డేటా చూడటానికి మంచి క్లోన్ సరిపోతుంది. కాకపోతే కొన్నింట్లో సగం కమాండ్లు పనిచేయవు. రిటర్న్ పాలసీ ఉన్న చోటే కొనండి, వచ్చిన రోజే కారుకి పెట్టి టెస్ట్ చేయండి.

ఐఫోన్ వాడేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. పాత బ్లూటూత్ రకం చవక డాంగిల్స్ ఐఫోన్‌కి కనెక్ట్ అవ్వవు. బ్లూటూత్ లో ఎనర్జీ లేదా వైఫై రకం తీసుకోవాలి. ఆండ్రాయిడ్‌కి ఈ బాధ లేదు. యాప్స్ విషయానికొస్తే ఆండ్రాయిడ్‌లో టార్క్ పాత కాపు. కార్ స్కానర్ యాప్ ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండిట్లోనూ ఉంది, ఫ్రీ వెర్షన్‌తోనే చాలా పని జరిగిపోతుంది.

కోడ్ అంటే రోగం పేరు కాదు

కోడ్‌లో మొదటి అక్షరం ఏ విభాగమో చెప్తుంది. పీ అంటే ఇంజిన్, గేర్‌బాక్స్. సీ అంటే బ్రేకులు, సస్పెన్షన్ లాంటివి. బీ అంటే బాడీ. యూ అంటే కంప్యూటర్ల మధ్య కమ్యూనికేషన్. పీ0301 వస్తే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్. పీ0171 వస్తే ఇంజిన్‌లో గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతోందని. పీ0420 వస్తే పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయట్లేదన్న అనుమానం.

"అనుమానం" అనే మాట ముఖ్యం. మా బాబాయి కారులో ఇంజిన్ లైట్ వెలిగితే, ఒక గ్యారేజీలో చూసి క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చాలన్నారు. చెప్పిన రేటు ఆయన రెండు నెలల పెన్షన్. "ఏరా, నీ ఫోన్‌తో ఒకసారి చూస్తావా?" అని అడిగితే డాంగిల్ పెట్టాను. వచ్చిన కోడ్ పీ0135. అంటే ఆక్సిజన్ సెన్సర్ లోపల ఉండే హీటర్ సర్క్యూట్‌లో తేడా. కన్వర్టర్ గురించి ఒక్క కోడ్ కూడా లేదు. ఆ స్క్రీన్‌షాట్ పట్టుకుని వేరే ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే, ఆయన బానెట్ ఎత్తి సెన్సర్ వైర్ వెంబడి వెతికాడు. ఎలుక కొరికిన వైర్ దొరికింది! అతికించి, టేపు చుట్టి, లైట్ ఆర్పి పంపాడు. ఐదు వందలతో పని అయిపోయింది.

ఇందులో రెండు విషయాలున్నాయి. ఒకటి, కోడ్ చేతిలో ఉంటే "ఇది ఎందుకు మార్చాలి?" అని అడిగే ధైర్యం వస్తుంది. రెండు, కోడ్ చూసి నేను కొత్త సెన్సర్ ఆర్డర్ పెట్టి ఉంటే అదీ దండగే అయ్యేది. డాంగిల్ వీధి పేరు చెప్తుంది, ఇల్లు వెతకాల్సింది మెకానిక్కే.

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు అసలు ఉపయోగం

నన్నడిగితే ఈ డాంగిల్ డబ్బులు వసూలయ్యేది ఇక్కడే. అమ్మేవాళ్లు లైట్ వెలుగుతున్న కారుని చూపించరు కదా. ముందు రోజే స్కానర్ పెట్టి కోడ్స్ క్లియర్ చేసేస్తే డ్యాష్‌బోర్డ్ అద్దంలా ఉంటుంది. కానీ క్లియర్ చేసినా ఈసీయూలో జాడలు మిగులుతాయి. యాప్‌లో రెండు చోట్ల చూడండి.

మొదటిది "కోడ్స్ క్లియర్ చేశాక నడిచిన దూరం". చాలా కార్లు దీన్ని చూపిస్తాయి. రెండోది "రెడీనెస్ మానిటర్స్". కోడ్స్ చెరిపేస్తే ఈసీయూ తన పరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. రకరకాల స్పీడుల్లో కొన్ని రోజులు తిరిగితేగానీ అవి పూర్తి కావు. అన్నీ "నాట్ రెడీ" అని ఉంటే ఈ మధ్యే ఎవరో రీసెట్ చేశారని అర్థం.

నా ఫ్రెండ్ ఒకడు మూడేళ్లు దాచుకున్న డబ్బుతో సెకండ్ హ్యాండ్ సెడాన్ చూడటానికి నన్ను తోడు తీసుకెళ్లాడు. కారు బయట, లోపల బాగుంది. డాంగిల్ పెడితే క్లియర్ చేశాక నడిచిన దూరం 11 కిలోమీటర్లు, మానిటర్స్ సగం నాట్ రెడీ. ఓనర్‌ని అడిగితే "మొన్న బ్యాటరీ మార్చాం తమ్ముడూ" అన్నాడు. నిజం కూడా కావచ్చు, బ్యాటరీ తీసినా కొన్ని కార్లలో ఇలాగే రీసెట్ అవుతుంది. అందుకే మేం వాదించలేదు. "సరే అన్నా, వారం రోజులు మామూలుగా తిప్పండి, వచ్చే ఆదివారం వస్తాం" అన్నాం. ఆ ఆదివారం వెళ్లేసరికి పీ0420 వచ్చి కూర్చుంది. అది సెన్సర్ వల్లా, పొగ గొట్టం లీక్ వల్లా, నిజంగా కన్వర్టర్ పోవడం వల్లా అన్నది అక్కడ తేలే విషయం కాదు. ఎంత ఖర్చవుతుందో తెలీని కారు నాకొద్దని మావాడు దండం పెట్టి వచ్చేశాడు. రెండు నెలల తర్వాత వేరే కారు కొన్నాడు, దానికీ కొనేముందు ఇదే పరీక్ష.

రోజువారీ చూసుకోవాల్సినవి

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు మామూలు 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.2కి వస్తే సగం ఖాళీ. ఇంజిన్ నడుస్తుంటే సాధారణంగా 13.5 నుంచి 14.7 మధ్య ఉండాలి. కూలెంట్ టెంపరేచర్ చాలా కార్లలో 85 నుంచి 105 డిగ్రీల మధ్య తిరుగుతుంది. మే నెల ఎండలో, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు అది ఆగకుండా ఎక్కుతుంటే పక్కకి ఆపేయడం మంచిది. ఈ రోజుల్లో చాలా కార్లకి టెంపరేచర్ ముల్లే ఉండట్లేదు, కాబట్టి ఈ నంబర్ ఫోన్‌లో కనిపించడం పెద్ద సాయం.

ఇంజిన్ లైట్ నిలకడగా వెలిగితే జాగ్రత్తగా ఇంటికి చేరొచ్చు. టపటపా కొట్టుకుంటుంటే మాత్రం తీవ్రమైన మిస్‌ఫైర్ అని అర్థం. కాలని పెట్రోల్ వెళ్లి కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. అలాంటప్పుడు యాప్ తెరవడం తర్వాత సంగతి, ముందు బండి ఆపండి.

ఏం చెప్పదు?

ఇంజిన్ ఆయిల్ ఎంత ఉందో చెప్పదు, దానికి డిప్‌స్టిక్ తీయాల్సిందే. బ్రేక్ ప్యాడ్లు అరిగాయా, టైర్లు గట్టిపడ్డాయా అన్నవి కూడా కళ్లతో చూసుకోవాలి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ కోడ్స్ చాలావరకు చవక డాంగిల్‌తో రావు. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ వివరాలకి ఆ మోడల్‌కి సరిపోయే యాప్ ఉంటేనే లాభం.

ఇంకో మాట. పని అయ్యాక డాంగిల్ తీసేయండి. ఆ పోర్ట్‌లో ఒక పిన్నుకి కారు ఆపినా కరెంట్ వస్తూనే ఉంటుంది, వారం పాటు కదలని కారులో బ్యాటరీ దిగిపోవచ్చు. పైగా చవక డాంగిల్స్ పిన్ 1234 లేదా 0000, పక్కింటోడు కూడా కనెక్ట్ అవ్వగలడు. కోడ్ కనిపించగానే క్లియర్ బటన్ నొక్కకండి. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి, తప్పు ఏ పరిస్థితిలో జరిగిందో చెప్పే ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా సేవ్ చేసుకోండి. క్లియర్ చేస్తే అదీ పోతుంది, మెకానిక్ పని కష్టమవుతుంది.

కొనాలా, వద్దా?

కారు కొత్తది, వారంటీలో ఉంది, సర్వీస్ సెంటర్ మీద నమ్మకం ఉంది అంటే తొందరేం లేదు. ఐదేళ్లు దాటిన కారు ఇంట్లో ఉన్నా, సెకండ్ హ్యాండ్ కారు వెతుకుతున్నా మాత్రం కొనేయండి. ఒక్కరు కొంటే ఫ్రెండ్స్ గ్యాంగ్ మొత్తానికి సరిపోతుంది. మెకానిక్‌తో గొడవ పెట్టుకోవడానికి కాదు, ఆయన చెప్పేది మనకీ అర్థం కావడానికి. మంచి మెకానిక్ అయితే మీ స్క్రీన్‌షాట్ చూసి చిరాకు పడడు, "ఇటివ్వు" అని చూసి పని మొదలుపెడతాడు.